ఒకే వరసలో నాలుగు పిడులు

మొన్న మా తమ్ముడి మనవరాలు చిన్మయి సెలవులకి వచ్చి, కద్మాలో నా దగ్గర నాలుగు రోజులుంది. ఎక్కడో దూరాన డిజైను చదువుతోంది. నేను తెలుగులో అడుగుతాను, అది హిందీలో జవాబు చెబుతుంది. మామ్మా అనవే అంటే నవ్వేసి దాదీ అంటుంది. సెలవుల్లో చెయ్యమని వాళ్ళ మాస్టారు ఒక పని అప్పజెప్పాట్ట. ఇంట్లో మనుషులు రోజూ తప్పుగా వాడే వస్తువు ఒకటి పట్టుకుని, ఎందుకు తప్పు చేస్తున్నారో రాసుకుని రావాలట. దానికి దొరికిన మనిషిని నేనే. మా హాల్లో స్విచ్చుల బోర్డు ఒకటుంది, ఎనిమిది స్విచ్చులు ఒక్క తీరుగా. పదహారేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటున్నానా, ఇవాళ్టికీ ఫ్యాను కావాలంటే ట్యూబ్ లైట్ ఆర్పేస్తాను. ఆర్పేసి, "నా మతి మండా, ముసలిదాన్నయిపోయాను" అని నన్ను నేనే తిట్టుకుంటాను. ఆ పిల్ల రెండు రోజులు సోఫాలో కూర్చుని నా తప్పులు లెక్కపెట్టింది. మూడో రోజు నోట్సు తెరిచి, "ఆప్‌కీ గల్తీ నహీఁ హై దాదీ. బోర్డ్ కీ గల్తీ హై," అంది. తప్పు నాది కాదట, బోర్డుదట. కన్ను చూసేది వేరట, మనసు గ్రహించేది వేరట. అన్నీ ఒక్కలా కనిపిస్తే మనసుకి పట్టుకోడానికి ఏమీ దొరకదట. దానికి వాళ్ళ చదువులో పెర్సెప్షన్ అని పేరు. మనిషి మళ్ళీ మళ్ళీ అదే తప్పు చేస్తున్నాడంటే ముందు వస్తువుని అనుమానించాలని మొదటి క్లాసులోనే చెప్పారట.

నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. వెనకాలే వచ్చి, కళ్ళు తుడుచుకుంటుంటే చూసి, ఏమైందని అడిగింది. ఉల్లిపాయలన్నాను. అప్పటికి నేను తరుగుతున్నది బెండకాయలు. పాపం, అది మంచి పిల్ల, ఇంకేమీ అడగలేదు. దానితో ఏం చెప్పను? మొదటి క్లాసులో చెప్పేసే ఆ ముక్క, నాకు తెలియడానికి మా నాన్న జీవితం ఖర్చయిందని చెప్పనా? తెలిశాక కూడా నోరు విప్పలేదని చెప్పనా? ముప్ఫై ఏళ్ళు డ్రాయింగు బోర్డు ముందు నిలబడి బతికినదాన్ని. రిటైరైన రోజున దండ వేసి, ఈమె చేతి గీతలో ఇంతవరకూ తప్పు దొర్లలేదని అందరి ముందూ పొగిడారు. నేను దండ తీసి పక్కన పెట్టి, తల వంచుకుని సమోసా తిన్నాను.

నా చిన్నప్పుడు మేము ఇదే ఊళ్ళో భుయ్యాడీహ్‌లో ఉండేవాళ్ళం. రెండు గదులు, ముందు చిన్న వసారా. సాయంత్రమైతే వీధి వీధంతా బొగ్గుల పొయ్యిలు రాజుకునేవి. ఆ పొగ సువర్ణరేఖ నది మీంచి వచ్చే చల్లగాలికి పైకి లేవలేక, ఇళ్ళ మధ్యనే తిరుగుతూ ఉండేది. అమ్మ పొయ్యి వసారాలో రాజేసి, పొగ తగ్గాక లోపలికి తెచ్చుకునేది. ఆరేసిన బట్టలకీ, అన్నానికీ, మా జుట్టుకీ అదే వాసన. నాన్న వస్తే ఇంకో వాసన వచ్చేది, గ్రీజూ మాడిన ఇసకా కలిసిన వాసన. ఎన్నిసార్లు సబ్బుతో తోముకున్నా గోళ్ళ దగ్గర అది పోయేది కాదు. నాన్న టెక్కలి దగ్గర పల్లెటూరి నుంచి పద్దెనిమిదేళ్ళ వయసులో వచ్చి, ఊరికి ఆ చివర, ఇనుము కరిగించి పోత పోసే ఓ చిన్న ఫౌండ్రీలో కుదిరి, కూలీగా మొదలుపెట్టి క్రేను డ్రైవరయ్యాడు. మాట తక్కువ. ఇంట్లోకొస్తే దీపం వేసేవాడు కాదు. కరెంటున్నా లేకపోయినా ఆయనకొకటే. చీకట్లోనే చొక్కా మేకుకి తగిలించి, చెంబు అందుకుని, పీట లాక్కుని కూచునేవాడు. మేమెవరైనా మేకు మీద ఇంకేదైనా తగిలిస్తే మాత్రం కోపం వచ్చేది. "నా సెయ్యికి తెలిసిన సోటు మార్సీకండర్రా," అనేవాడు. అదే ఆయన నోట వినబడే పెద్ద తిట్టు.

ఆయన పని నేను చూసింది విశ్వకర్మ పూజనాడు. ఆ ఒక్కరోజూ ఇంటివాళ్ళని లోపలికి రానిచ్చేవారు. మిషన్లన్నిటికీ కుంకాలు పెట్టి, బంతిపూల దండలు వేసి, బూందీ పొట్లాలు పంచేవారు. నాకు పన్నెండో పదమూడో ఏళ్ళప్పుడు, అమ్మ వద్దు వద్దంటుంటే నాన్న నన్ను ఇనప నిచ్చెన మీదుగా క్రేను గదిలోకి ఎక్కించాడు. షెడ్డు కప్పు కింద వేలాడే రేకుగది అది. లోపల ఓ ఎత్తు స్టూలు, చుట్టూ నాలుగు పొడవాటి పిడులు. ఒకటి క్రేను మొత్తాన్ని షెడ్డు పొడుగునా నడుపుతుంది, ఒకటి అడ్డంగా పక్కకి తోస్తుంది, ఒకటి పెద్ద కొక్కేన్ని ఎత్తి దించుతుంది, ఇంకోటి చిన్న కొక్కేన్ని. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే ఒక పిడికి గోనెతాడు చుట్టి ఉంది, ఇంకోదానికి పాత సైకిలు పిడి తొడిగి ఉంది, మూడోదానికి ఇత్తడి నట్టు, నాలుగోది ఉత్తి ఇనుము. చింపిరిగా, ముష్టివాడి జోలెలా ఉంది. ఇదేటి నాన్నా ఇలగుంది అన్నాను. నాన్న మెళ్ళో తువ్వాలు తీసి కళ్ళకి గంతలు కట్టుకుని, "ఏది కావాలో సెప్పు తల్లీ," అన్నాడు. నేను చెప్పింది చెప్పినట్టు ఆయన చెయ్యి టక్కున దాని మీదకి పోయేది. "కళ్ళు ఇక్కడ పెట్టుకోకూడదు. కళ్ళెప్పుడూ కిందే ఉండాల. కింద మనుషులుంటారు," అన్నాడు. నాకది గారడీలా అనిపించింది. చప్పట్లు కొట్టాను. అంతే, అంతకు మించి ఏమీ అర్థం కాలేదు.

కింద ఉండే మనుషుల్లో ముఖ్యమైనవాడు బెహరా మామ. ఇచ్ఛాపురం అవతలివాడు, తెలుగులో ఒరియా కలిపి మాట్లాడేవాడు. ఖలాసీ. అంటే బరువుకి గొలుసు చుట్టి, కొక్కేనికి తగిలించి, ఎటు పోవాలో చేత్తో సైగ చేసేవాడన్నమాట. పైన నాన్న, కింద ఆయన. పద్నాలుగేళ్ళు ఇద్దరూ ఒక్క మాట పైకి అనుకోకుండా పని చేశారు, ఆ చప్పుడులో అరిచినా వినబడదు మరి. ఆదివారం మా వసారాలో చాప మీద కూచుని, మరమరాల్లో పచ్చిమిర్చీ ఆవనూనే కలుపుకు తింటూ పేకాడేవారు. నాన్నని బావా అనేవాడు. చుట్టరికం ఏదీ లేదు. నాన్న ముక్క వెయ్యడానికి ఆలోచిస్తే, "క్రేన్లో ఇలాగే ఆలోసిత్తే నా నెత్తి పగిలిపోను బావా," అని ఏడిపించేవాడు.

నేను మెట్రిక్ అయ్యాక డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి, నాన్న పనిచేసే ఆ ఫౌండ్రీలోనే డ్రాయింగాఫీసులో ట్రేసరుగా చేరాను. ఇంజనీరు పెన్సిల్‌తో గీసినదాని మీద పల్చటి షీటు పరిచి, సిరాతో దిద్దడం నా పని. గదంతా అమ్మోనియా వాసన, ప్రింట్లు తీసే మిషనుది. మొదట్లో కళ్ళమ్మట నీళ్ళు కారేవి, తరవాత అలవాటైపోయింది. ఆఫీసు మొత్తానికి నేనొక్కదాన్నే ఆడపిల్లని. నా గీత సన్నగా, ఎక్కడా తొణక్కుండా ఉండేది. రెండేళ్ళు తిరక్కుండా, ఇంక ట్రేసింగు చాలు, సొంతంగా గియ్యమన్నాడు ఇంజనీరు సాబు. ఆర్నెల్లు చూసి, బాగుంటే పర్మనెంటు చేస్తామన్నారు. అమ్మ వీధంతా చెప్పుకుంది. నాన్న మాత్రం ఆ వారం కొత్త చొక్కా తొడుక్కుని పనికెళ్ళాడు. డ్యూటీకి కొత్త చొక్కా ఏటి, గ్రీజవుద్ది అని అమ్మ అరుస్తున్నా వినలేదు.

ఆ ఆర్నెల్లలోనే కొత్త క్రేను వచ్చింది. పాత పొడవాటి పిడులు ఉండవు, ముందు ఒక ఇనప పెట్టె, దానిమీద పొట్టి పొట్టి పిడులు. పెట్టె మాత్రం ఇక్కడే తయారు చెయ్యాలి, డ్రాయింగు నాకిచ్చారు. రామ్‌ధనీ మిస్త్రీ అని ముసలి ఎలక్ట్రీషియను ఉండేవాడు, ఆయన సిగరెట్ డబ్బా అట్ట మీద గీసిన బొమ్మ ఒకటి దానికి జత చేశారు. చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఎడం పక్క రెండు పిడులు, ఒకటి బాగా పైన, ఒకటి బాగా కింద. కుడిపక్క రెండు, మధ్యలో ఇంత ఖాళీ. వాటిలో ఒకటి నిలువుగా, ఇంకోటి అడ్డంగా పడుకుని. తలకాయలు కూడా ఒకటి గుండ్రం, ఒకటి పలక. ముసలాడికి చెయ్యి వణికింది, చూపు ఆనలేదు, అందుకే ఇలా గీశాడనుకున్నాను. దాని ముందు కూర్చుని పని చేసేది మా నాన్న. ఆ చింపిరి గుడ్డలూ తాళ్ళూ ఇంక ఉండకూడదు, మా నాన్న ముందు ఉండే పెట్టె ఈ ఫౌండ్రీలో అన్నిటికంటే అందంగా ఉండాలి అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. నాలుగు పిడుల్నీ ఒకే గీత మీదకి తెచ్చాను, సమంగా ఎడం పెట్టాను, నాలుగింటికీ ఒకే నల్లటి గుండ్రటి తలకాయ, నాలుగూ ముందుకీ వెనక్కీ కదిలేవే. కింద చిన్న అక్షరాలతో పేర్లు. ఇంజనీరు సాబు చూసి, "బహుత్ సాఫ్, బహుత్ సుందర్," అని సంతకం పెట్టేశాడు. ఆయన తప్పు కూడా లేకపోలేదు, కానీ ఆయన ఎప్పుడూ ఆ స్టూలు మీద కూర్చున్నవాడు కాదు. నేను ఆ స్టూలు చూశాను. గంతలు కట్టుకున్న నాన్నని చూశాను. చూసి చప్పట్లు కొట్టినదాన్ని నేను.

కొత్త క్రేను మొదలైన రోజు, ఇంటికి రాగానే ఎలాగుంది నాన్నా అని అడిగాను. చొక్కా మేకుకి తగిలిస్తూ, "బాగుంది తల్లీ. మెరిసిపోతంది," అన్నాడు. నేను మురిసిపోయాను. ఆయన గుడ్డపీలికలు కట్టుకుందామంటే కొత్త మిషను మీద అలాంటివి కుదరవని సూపర్‌వైజరు పీకేశాడని తరవాత తెలిసింది. ఓ సాయంత్రం కరెంటు పోయింది. అమ్మ లాంతరు వెలిగించి తెస్తే, నాన్న మంచం పక్కన పీట మీద నాలుగు గ్లాసులు బోర్లించి వరసగా పెట్టుకుని కూచున్నాడు. కళ్ళు గోడ మీదెక్కడో ఉన్నాయి. చెయ్యి రెండో గ్లాసు మీదకి పోయేది, మళ్ళీ ఒళ్ళోకొచ్చేది, మళ్ళీ మూడోదాని మీదకి. "ఇదేటి, గ్లాసులతో ఆటలేటి ఈ వయసులో," అని అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. నాన్న కూడా నవ్వేసి గ్లాసులు ఇచ్చేశాడు. తరవాత ఎన్ని రోజులు అలా ప్రాక్టీసు చేశాడో, మేము లేనప్పుడు చేశాడో లేదో నాకు తెలీదు. ఒక్కసారి, ఒక్కసారైనా, ఆ పెట్టె బాలేదే అనుంటే నేను మార్చి ఉండేదాన్ని. కూతురు గీసింది కదా. ఆయన అనలేదు.

రెండు నెలలు కాకుండానే అయింది. మధ్యాహ్నం, అన్నాలు తిని బోర్డు దగ్గరకి వచ్చానో లేదో, షెడ్డులో చప్పుళ్ళన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఫౌండ్రీలో చప్పుడు ఆగిందంటే ఎవరూ ఏమైందని అడగరు, పరిగెడతారు. ఇసక అచ్చు నింపిన ఇనప చట్రాన్ని ఎత్తి పక్కకి జరపాలి. బెహరా మామ పక్కకి అని చెయ్యి ఊపాడు. నాన్న పక్కకి అనుకునే లాగాడు. ఆయన చేతికి దొరికింది రెండోది కాదు, మూడోది. చట్రం పక్కకి పోవడం మానేసి కిందకి దిగింది. నేను వెళ్ళేసరికి మామ కాలు మోకాలి కిందనుంచి ఆ చట్రం కింద ఉంది. నాన్న పైన గదిలోంచి దిగుతున్నాడు, నిచ్చెన మెట్లు అందక కాళ్ళు వెతుక్కుంటూ దిగుతున్నాడు. అలవాటైన నిచ్చెనే. మామ ప్రాణం దక్కింది. కాలు తీసేశారు.

విచారణ నాలుగో రోజున ఇంజనీరు సాబు గదిలో పెట్టారు. ఆ గదికీ డ్రాయింగాఫీసుకీ మధ్య ప్లైవుడ్ గోడే. ముందురోజు అమ్మ అన్నం వడ్డిస్తూ, "మీ ఆఫీసేగదే, ఆ సాబు నీ మాట ఇంటాడు గదే. మీ నాన్న తాగినోడా, తూలినోడా? ఓ మాట సెప్పలేవా?" అంది. చెబుతానన్నాను. పొద్దున్న బస్సులో కూడా అనుకున్నాను చెబుతానని. అప్పటికే నేను రెండుసార్లు ఎవరూ లేనప్పుడు ఆ క్రేను గది ఎక్కి, స్టూలు మీద కూచుని, కళ్ళు మూసుకుని, చెయ్యి చాపి చూసుకున్నాను. రెండుసార్లూ తప్పు పిడే దొరికింది. నేను గీసినదాన్ని నేనే పట్టుకోలేకపోయాను. కాబట్టి నాకు తెలియదని చెప్పుకోడానికి లేదు. తెలుసు. గోడకి అటుపక్క నలుగురు కూర్చున్నారు, నాన్న నించున్నాడు. కుర్చీ చప్పుడు వినబడలేదు కాబట్టి నించునే ఉన్నాడనుకుంటున్నాను. నా డ్రాయింగు బల్ల మీద పరిచిన చప్పుడు కూడా వినబడింది. కింద మూల గడిలో గీసినవారు అన్నచోట నా పేరులోని రెండు పొడి అక్షరాలు ఉంటాయి. నాన్నకి ఇంగ్లీషు రాదుగానీ ఆ రెండు అక్షరాలు మాత్రం బాగా తెలుసు, నేర్పిందాన్ని నేనే.

"పిడుల పెట్టెలో ఏమైనా ఇబ్బంది ఉందా?" అని హిందీలో అడిగాడు ఇంజనీరు సాబు. నిజంగానే అడిగాడు, ఆయన్ని అన్యాయంగా మాట అనకూడదు. నేను పెన్ను పట్టుకుని లేచి నించున్నాను. తలుపు నాలుగడుగుల దూరం. "నహీఁ సాబ్," అన్నాడు నాన్న. "పెట్టె ఠీక్ హై. మేరా ధ్యాన్ హట్ గయా థా." పెట్టె బాగానే ఉంది, నా దృష్టే పక్కకి పోయింది అని. ఇంకో నెలన్నరలో నాకు పర్మనెంటవుతుంది. నేను లోపలికి వెళ్ళి చెప్పినా నాన్నని వదిలేస్తారని ఏముంది, ఇద్దరినీ తీసేస్తారు, ఇల్లు ఎలా నడుస్తుంది అని నాకు నేను చెప్పుకున్నాను. అవన్నీ తరవాత కూర్చుకున్న కారణాలు. ఆ క్షణాన నాకున్నది ఒట్టి భయం. నా పెన్నులోంచి సిరా బొట్టు కొత్త షీటు మీద పడింది. కూచుని, బ్లేడుతో దాన్ని గీకి శుభ్రం చెయ్యడం మొదలుపెట్టాను. శుభ్రం చెయ్యడం అయ్యేసరికి లోపల సంతకాలు అయిపోయాయి.

నాన్నని క్రేను మీంచి దించేసి, ఇసక జల్లించేచోట వేశారు. ఇరవై ఏళ్ళు అందరికంటే పైన కూచున్న మనిషి, రోజంతా వంగి జల్లెడ పట్టుకుని నించునేవాడు. ముక్కులో, చెవుల్లో ఇసక. రాత్రి దగ్గు. అది కూడా పరవాలేదు, పనంటే పని. నన్ను చంపినవి ఆదివారాలు. బెహరా మామ మా వసారాకి రావడం మానేశాడు, రాలేడు కాబట్టి నాన్నే వెళ్ళేవాడు. చేతిలో మరమరాల పొట్లం. ఒకసారి నన్ను కూడా రమ్మన్నాడు, వెళ్ళాను. మామ గోడకి ఆనుకుని మంచం మీద ఉన్నాడు, లుంగీ ఒక పక్క చదునుగా పడి ఉంది. కోపం లేదు ఆయనకి, ఉంటే బాగుండేది. పేకముక్కలు పంచుతూ పంచుతూ ఆగి, "ఒక్క మాట అడుగుతాను బావా, ఏటనుకోకు. ఆ టైములో నువ్వెటు సూత్తన్నావు?" అన్నాడు. నాన్న ముక్కలు సర్దుకుంటూ ఉండిపోయాడు. "పద్నాలుగేళ్ళు నీ కంటి మీద నమ్మకం పెట్టుకుని ఆ బరువుల కింద నిలబడ్డాను గదా. అందుకని అడుగుతన్నాను, అంతే." నాన్న ఓ ముక్క కింద పెట్టి, "నువ్వు ఆడు బెహరా," అన్నాడు. మామ పోయేదాకా ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది. మా నాన్న పరధ్యానంలో ఉండి తన కాలు తీశాడని నమ్ముతూనే పోయాడు. తరవాత అయిదారేళ్ళకి నాన్నా పోయాడు, దగ్గుతోనే.

ఈ కాలంలో చిన్మయి వాళ్ళ క్లాసులో ముందు అట్టతో నమూనా చేసి, వాడేవాళ్ళని కూచోబెట్టి, వాళ్ళ చేతులు ఎక్కడికి పోతున్నాయో చూసి రాసుకుని అప్పుడు గీస్తారట. చెబుతుంటే దాని మొహం వెలిగిపోతోంది, ఇదేదో కొత్తగా కనిపెట్టారన్నట్టు. మా రోజుల్లో ఆ పని చెయ్యలేదని కాదు. రామ్‌ధనీ మిస్త్రీ చేశాడు. ఆ సంగతి నాకు నాన్న చెప్పాడు, ఇసక పనిలోకి మారిన నాలుగైదు నెలలకి. నాకు అప్పటికి పర్మనెంటయింది. సాయంత్రం వసారాలో నేను బియ్యం ఏరుతున్నాను. నాన్న వచ్చి పక్కన కూచుని, చేటలోంచి నాలుగు వడ్లగింజలు తీసి గచ్చు మీద పెట్టాడు. ఎడం పక్క రెండు, పైనొకటి కిందొకటి. కుడిపక్క ఎడంగా రెండు. సిగరెట్ అట్ట మీది బొమ్మ.

"మిస్త్రీ నన్ను కూకోబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు తల్లీ," అన్నాడు. "పక్కకి అంటే సెయ్యెటు పోతాదో, పైకి అంటే ఎటు పోతాదో, అక్కడక్కడ సుద్దతో గీతలు పెట్టాడు. ఆ కొలతలే ఆ అట్ట మీద గీశాడు."

నేను సరిచేసింది ముసలాడి వణుకు కాదు, మా నాన్న చేతులు. నాన్నా, నేను... అని ఏదో అనబోయాను. ఆయన వినిపించుకోనట్టు గింజల్ని ఇంకాస్త సర్దాడు.

"ఆ రోజు నాను బెహరా మొహమే సూత్తన్నాను. రెప్ప కూడా వెయ్యలేదు. ఆడి కళ్ళు పెద్దవవడం సూశాను," అన్నాడు. "ఇప్పుడు నా సోట్లో కొత్తోడొచ్చాడు. సిన్న వయసు, పిల్లలున్నోడు. కింద కొత్త ఖలాసీ ఉన్నాడు. నువ్వు ఆ పెట్టె మార్సీ తల్లీ. నా గురించి కాదు. నాది అయిపోయింది," అన్నాడు.

మర్నాడే మొదలుపెట్టాను. మూడు రోజుల్లో గీశాను, అట్ట మీద ఉన్నది ఉన్నట్టు, ఒక్క కొలత కూడా నా బుద్ధికి తోచినట్టు మార్చకుండా. ఇంజనీరు సాబు చూసి మొహం చిట్లించాడు. పహలే వాలా సుందర్ థా, మొదటిదే అందంగా ఉంది, ఇదేంటి ఇలా వంకరగా అన్నాడు. డ్రాయింగు మారిస్తే పక్కన ఒక గడిలో మార్చడానికి కారణం రాయాలి, కారణం లేందే సంతకం పెట్టనన్నాడు. విచారణలో పెట్టె బాగుందని తేలింది కదా, మరి ఎందుకు మారుస్తున్నట్టు అని అడిగాడు. దేవుడు నాకు రెండోసారి తలుపు తెరిచి పెట్టాడు, ఈసారి నాలుగడుగుల దూరం కూడా లేదు. మొదటి డ్రాయింగు తప్పు సాబ్, నేనే తప్పు గీశాను, మా నాన్న తప్పు లేదు. మూడు ముక్కలు. నాకు పర్మనెంటు కూడా అయిపోయింది. నేను నిబ్బు సిరాలో ముంచి, ఆ గడిలో ఇంగ్లీషులో, నాకు వచ్చిన అన్నిటికంటే చక్కటి అక్షరాలతో, "ఆపరేటర్ల అజాగ్రత్త వల్ల ప్రమాదాలు జరగకుండా" అని రాశాను. ఆయన తల ఊపి వెంటనే సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం ప్రింటు ఒకటి మడిచి ఇంటికి తెచ్చి నాన్నకి చూపించాను. గచ్చు మీద పరుచుకుని, గీసిన ఒక్కో పిడి మీదా చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, తెరిచి, "ఆఁ, ఇప్పుడు సరిపోయింది," అన్నాడు. నెలల తరబడి ఆయన మొహంలో చూడని తేటదనం చూశాను. తరవాత ఆయన వేలు పక్కకి జరిగి ఆ గడి మీద ఆగింది. ఇక్కడేటి రాశావు తల్లీ అని అడిగాడు.

"ఎందుకు మార్చామో రాయాలి నాన్నా."

"ఏటని రాశావు?"

"మొదటిది తప్పు గీశాం, అందుకని మార్చాం అని రాశాను."

నాన్న కండువాతో వేళ్ళు తుడుచుకుని, ఇసక అంటకుండా, ఆ మాటల మీద ఒక్కో అక్షరాన్నీ నిమురుకుంటూ వెళ్ళాడు. చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికొచ్చి, "ఏమే, ఇలా రావే," అని లోపలున్న అమ్మని పిలిచాడు. "దీపం తేయే. సూడు, మనమ్మాయి ఎంత ముచ్చటగా రాసిందో."